తలుపు కొట్టినవాడు

"కుక్క మొరిగిందా?" అని అడిగాను.

నెరెయిదా నా పెదాలు చూసింది. తర్వాత నవ్వింది. అప్పుడుగానీ నేనేం అడిగానో నాకు తెలిసిరాలేదు.

"మొరిగినా నాకెలా తెలుస్తుందండీ?" అంది.

ముప్పై ఏళ్లు పోలీసు డిటెక్టివుగా చేసి, రిటైరై, ఇప్పుడు అద్దెవాళ్ల తరఫు లాయర్లకి ప్రైవేటు దర్యాప్తులు చేసిపెడుతున్న మనిషిని. చెవులు వినపడని ఆమెని నేనడిగిన మొదటి ప్రశ్న అది. అంతకుముందు చేసిన పని ఇంకా బాగుంది. ఆమె తలుపు కొట్టి, బయట చాలాసేపు నిలబడ్డాను. చివరికి కింది అంతస్తునుంచి ఎవరో ముసలావిడ అరిచింది. "ఆ తాడు లాగమ్మా తల్లీ! తలుపు కొడితే ఎవరొస్తారు!"

కిటికీ రేకుల సందులోంచి ఒక తాడు బయటికి వేలాడుతోంది. లాగాను. లోపల కుట్టుమెషీను ఎదురుగా కట్టిన ఎర్రగుడ్డ ఊగింది. నెరెయిదా వచ్చి తలుపు తీసింది.

నెరెయిదా ఫెలిబెర్తికి పంతొమ్మిదో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఇప్పుడు ముప్పై నాలుగు. లాస్ అమపోలాస్ సర్కారు ఇళ్లలో రెండో అంతస్తులో ఉంటుంది, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఏడు నెలల కూతురు, అమరిలిస్. ఆ పిల్ల ఏడిస్తే తల్లికి చెప్పే పని సార్జెంటుది. సార్జెంటు అంటే కుక్క. ఈ కేసు చూస్తున్నది కూడా సార్జెంటే, పోలీసు సార్జెంటు ఓవిడియో మైసొనెట్. ఇద్దరిలో ట్రైనింగు పూర్తిచేసింది కుక్క. కాబట్టి కుక్కని సార్జెంటు అని, ఓవిడియోని ఓవిడియో అని అంటాను.

నిన్న మంగళవారం మధ్యాహ్నం సార్జెంటు తన కాలు కరిచిందని ఈ ఇళ్ల అడ్మినిస్ట్రేటరు గమాలియెల్ ఇరిసారి ఫిర్యాదు చేశాడు. కుక్కని మునిసిపాలిటీ షెడ్డుకి పట్టుకుపోయారు. రేపు మధ్యాహ్నం ఇంజెక్షను ఇచ్చి చంపేస్తారు.

"రాత్రి పడుకున్నావా?"

నెరెయిదా తన చెయ్యి ఎత్తి చూపించింది. మణికట్టుకి ఒక రిబ్బను కట్టుకుని ఉంది. దాని రెండో కొస ఉయ్యాల్లో పడుకున్న పాప కాలికి ఉంది.

"పాప కదిలితే నాకు తెలియాలని. కానీ అది నిద్రలో కూడా కదుల్తుందండీ. ఊరికే లేచి చూస్తూ కూర్చున్నా." కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకునే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "సార్జెంటు రాకపోతే సంక్షేమ శాఖవాళ్లు వస్తారట. వినపడని తల్లి దగ్గర పాపని ఉంచడం మంచిది కాదని ఆఫీసులో అప్పుడే అంటున్నారట. ఇలా ఎన్ని రాత్రులు కూర్చోగలను?"

నిన్న ఏం జరిగిందో చెప్పమన్నాను.

"కుడుతున్నా. సార్జెంటు వచ్చి ముక్కుతో నా మోకాలు పొడిచింది. పాప కోసమేమో అనుకున్నా, కానీ తలుపు దగ్గరికి తీసుకెళ్లింది. తీశాను. ఆ ఇరిసారి గారు నిలబడున్నారు. నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు అదిరిపడ్డారు. ఏదో అన్నారు, గబగబా అన్నారు, నాకు అందలేదు. కుంటుకుంటూ మెట్లు దిగిపోయారు. కాసేపటికి పోలీసులొచ్చారు."

"కుంటుకుంటూనా? నువ్వు తలుపు తీసేటప్పటికే?"

"కుక్క నా పక్కనే ఉందండీ. నా మోకాలికి ఆనుకుని."

ఇరిసారి చెప్పేది వేరు. తను ఆ తలుపు దగ్గరికే పోలేదనీ, మెట్లెక్కి పోతుంటే తెరిచున్న ఇంట్లోంచి కుక్క దూకిందనీ ఫిర్యాదులో ఉంది.

"సార్జెంటుకి ఏమేం నేర్పారు?"

"మూడు చప్పుళ్లు. పాప ఏడుపు, తలుపు కొట్టడం, పొగ అలారం. మొదటి రెండింటికీ మోకాలు పొడిచి అటు తీసుకెళ్తుంది. అలారానికి మాత్రం నేలమీద బోర్లా పడుకుంటుంది. మంటల్లోకి తీసుకెళ్లకూడదు కదా."

"మరి జనం మెట్లమీంచి పలకరింపుగా 'బ్వేనాస్' అని అరిస్తే?"

"అది నేర్పలేదు. నేర్పినాయన రాజధానిలో ఉంటాడు. వాళ్లందరూ తలుపు కొట్టే రకం." మళ్లీ కొంచెం నవ్వింది. "ఇక్కడివాళ్లెవరూ కొట్టరు. మిగతావాళ్ల గుమ్మం ముందు బ్వేనాస్ అని కేకేస్తారు. నా దగ్గర తాడు లాగుతారు."

నిజమే. లాస్ అమపోలాస్‌లో తలుపు కొట్టేవాళ్లు రెండే రకాలు. పోలీసులు, మతం పుచ్చుకోమని చెప్పడానికి వచ్చేవాళ్లు. 

నేను లేచి తలుపు చూశాను. ఇక్కడ ప్రభుత్వం మారినప్పుడల్లా తలుపుల రంగు మారుతుంది. పోయిన ఎన్నికల తర్వాత నీలం వేశారు, పెచ్చులూడకుండా శుభ్రంగా ఉంది. ఛాతీ ఎత్తున మాత్రం మూడు నాలుగు చిన్న గాట్లు. వేలి కణుపుతో కొడితే గాట్లు పడవు. ఉంగరంతో కొడితే పడతాయి.

పై అంతస్తు తలుపులు కూడా చూద్దామనుకున్నాను. మెట్లకేసి చూశాను. మోకాళ్లు వద్దన్నాయి. కిందికే దిగాను.

*

తాడు లాగమన్న ముసలావిడ డోన్య ప్రోవి, అంటే ప్రోవిగారు. కిటికీలోంచి లింబర్లు అమ్ముతుంది. గ్లాసులో గడ్డకట్టించిన ఐసు, కొబ్బరిదీ జామదీ. 

"నేనెవరి విషయాల్లోనూ వేలు పెట్టనమ్మా," అంది కుర్చీ నాకేసి తోస్తూ. "నిన్న ఆ ఇరిసారి వచ్చాడు. అసలు వాడు నా దగ్గర కొనడు. మన చేతివి తింటే వాళ్లకి కడుపునొప్పి కదా! నిన్న మాత్రం కొబ్బరిది కొన్నాడు. కొని ఏం చేశాడనుకున్నావ్?"

"తిన్నాడా?"

"పిక్కకి పెట్టుకున్నాడు! ప్యాంటు పైకి లాగి, అదుగో ఆ మెట్టుమీద కూర్చుని, గ్లాసు కాలికి అదిమిపట్టాడు. ఇన్నేళ్లుగా అమ్ముతున్నా, నా లింబర్ కాలికి పెట్టినవాణ్ని చూళ్లేదు. తర్వాత లేచి పైకెళ్లాడు."

"పైకెళ్లాడా? దిగొచ్చాక కాదా పెట్టుకుంది?"

"ముందు లింబర్. తర్వాత పైకి. నాకు కళ్లు బానే ఉన్నాయి. ముందు తిన్నగా మూడో అంతస్తుకి పోయాడు, తర్వాత రెండోదానికి దిగాడు. తలుపులు కొడుతుంటే విన్నా. నేనెవరి విషయాల్లోనూ..."

"మూడో అంతస్తులో ఎవరుంటారు?"

"డోన్ తెయో. ఉండేవాడు. పొద్దున తాళం పడింది, ఖాళీ చేశాడట. లారెస్ ఊళ్లో వాళ్ల చెల్లెలింటికి పోయుంటాడు." మొహం ముడుచుకుంది. "నాతో ఒక్క మాట చెప్పకుండా! చెవుల మెషీను పెట్టుకోవయ్యా అంటే గోలగా ఉంటుంది, వద్దనేవాడు. టీవీ మాత్రం ఊరంతా వినాలి."

టీవీల మాట చెప్పక్కర్లేదు. బేస్‌బాల్ ఫైనల్ నడుస్తోంది. బ్లాకు మొత్తంలో ప్రతి కిటికీలోంచీ అదే వ్యాఖ్యాత అరుస్తున్నాడు. నేను చెప్పింది ప్రోవికి, ఆవిడ చెప్పింది నాకు సగమే వినపడింది.

*

ఇరిసారి, ఓవిడియో, నేను ముగ్గురం ఒకే గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాం. గేటు తుపానుకి కొట్టుకుపోయింది. కాపలావాడు మాత్రం రోజూ వచ్చి గేటు ఉండాల్సిన చోట కూర్చుంటాడు. కిందటేడు మా అసోసియేషను జంతువులు నిషేధమని తీర్మానం చేసింది. ఆ నెలలోనే కాలనీ మొత్తానికి మానసిక ఆందోళన పట్టుకుంది. ఓదార్పుకి జంతువు తప్పనిసరని అందరూ ఇంటర్నెట్‌లో సర్టిఫికెట్లు తెప్పించుకున్నారు. ఇప్పుడు మాకు బోలెడన్ని ఓదార్పు కుక్కలు, ఒక ఓదార్పు చిలుక, ఇగువానా అనే ఒక పెద్ద ఓదార్పు తొండ ఉన్నాయి. ఇగువానా ఎవరిని ఓదారుస్తోందో ఇంకా తేలలేదు. ఇరిసారి భార్యది పూడిల్ కుక్క, పేరు ప్రిన్సెసా. 'సేవలో ఉన్నాను, తాకవద్దు' అని రాసిన పసుపు కోటు వేసుకుని తిరుగుతుంది. సేవలో ఉండగా అది నన్ను రెండుసార్లు కరవబోయింది.

నేను ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఇరిసారి కుర్చీలో కూర్చుని కుంటికాలు స్టూలుమీద పెట్టుకున్నాడు. ఓవిడియో పక్కన కాఫీ తాగుతున్నాడు.

"ఆ పెంపుడు జంతువు విషయమేనా?" అన్నాడు ఇరిసారి.

"పెంపుడు జంతువు కాదు. చెవి."

"నాలుగు కాళ్లతో నడిచే చెవి నేనెక్కడా చూళ్లేదు, డోన్య మిగ్దాలియా. ఇది సర్కారు ఇల్లు. ఇక్కడ జంతువులు కుదరవు. మనం ఒకటి చూస్తూ ఊరుకుంటే రేపు అందరూ తెస్తారు."

"మన కాలనీలోలాగా."

ఓవిడియో దగ్గాడు. వాళ్లావిడదే చిలుక.

"నిన్న మీరు నెరెయిదా తలుపు కొట్టారా?" అని ఇరిసారిని అడిగాను.

"నేనా? ఎందుకు? ఆవిడకి వినపడదు కదా."

చెప్పేటప్పుడు చేతులు కట్టుకున్నాడు. కుడిచేతి వేలికి కాలేజీ పట్టా ఉంగరం, నీలం రాయితో, రేగుపండంత ఉంది. పట్టా పుచ్చుకుని పాతికేళ్లయినా ఇంకా తియ్యలేదు. చదివింది తోట పనుల నిర్వహణ.

"ఒరే ఓవిడియో, ఆవిడ చెప్పింది రాసుకున్నావా?"

"మేడమ్, మీరు రిటైరైపోయారు." వాడికి నాకింద మూడేళ్లు ట్రైనింగు. అప్పుడు కూడా మేడమ్ అనే పిలిచేవాడు, కానీ ఇంత సంతోషంగా కాదు. "ఆవిడకి వినపడదు. సాక్ష్యం ఎలా పనికొస్తుంది?"

"కళ్లు కూడా పనిచెయ్యవా?"

"ఈ గమా పెద్దమనిషి. నాకు తెలుసు. శుక్రవారాలు కలిసి డామినోలు ఆడతాం."

"గెలుస్తాడా?"

"ఎప్పుడూ."

"ఎలా గెలుస్తాడో ఎప్పుడైనా చూశావా?"

ఇరిసారి స్టూలుమీంచి కాలు దించాడు. "చూడండి, నేను రాత్రంతా ఆస్పత్రిలో ఉన్నాను. ఇంకా నిన్నటి బట్టలే. ఇంటికి కూడా పోకుండా డ్యూటీకొచ్చాను. మీరేమో..."

"నేనో మాట చెప్తాను ఓవిడియో," అన్నాను. నిలబడే ఓపిక లేక, అడక్కుండానే కూర్చున్నాను. "కుక్కని ఇప్పుడు ఆ ఇంటికి తెప్పించు. నాది తప్పయితే మళ్లీ షెడ్డుకి పంపెయ్. రేపు ఇంజెక్షను ఇచ్చాక నాది రైటని తేలిందనుకో, అప్పుడు ఎక్కణ్నించి తెప్పిస్తావ్? ఏది తేలిక?"

ఓవిడియోకి ఒక మంచి గుణం ఉంది. తేలికైన పని కనిపిస్తే వదలడు. ఫోను తీశాడు.

*

సార్జెంటు నల్లటి వీధికుక్క, ఒక చెవి నిలబడి ఒకటి వాలి ఉంటుంది. మునిసిపాలిటీ వ్యానులోంచి దిగి, ఎవర్నీ చూడకుండా మెట్లెక్కి, ఇంట్లోకి పోయి ముందు ఉయ్యాల వాసన చూసింది. తర్వాత నెరెయిదా పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. నెరెయిదా వంగి, మణికట్టుకున్న రిబ్బను ముడి విప్పుకుంది.

ఇరిసారి గుమ్మం బయటే నిలబడ్డాడు, నడుముకి తాళాల గుత్తితో. డోన్య ప్రోవి ఎవరి విషయాల్లోనూ వేలు పెట్టకుండా మాతోపాటే పైకొచ్చింది.

"డోన్య ప్రోవి, మీరు మెట్లమీద నిలబడి మామూలుగా పిలవండి."

"బ్వేనాస్!" అని ఆవిడ పెట్టిన కేకకి పాప ఉలిక్కిపడింది. సార్జెంటు కన్ను తెరిచి, పాప ఏడవడంలేదని చూసి, మూసుకుంది.

తాడు లాగాను. గుడ్డ ఊగింది. నెరెయిదా తలెత్తింది. కుక్క కదల్లేదు.

"ఇప్పుడు తలుపు కొట్టండి, సెన్యోర్ ఇరిసారి."

"నేనెందుకు?"

"కొట్టు గమా," అన్నాడు ఓవిడియో. "ఏమవుతుంది?"

ఇరిసారి కొట్టాడు. అలవాటైన చెయ్యి కదా, ఉంగరం వైపే తగిలింది. టక్ టక్ మంటూ నీలం పెచ్చు ఒకటి రాలింది. సార్జెంటు లేచింది. నెరెయిదా మోకాలు ముక్కుతో పొడిచి, ఆమెని తలుపు దగ్గరికి తీసుకొచ్చి, ఇరిసారి కాళ్లముందు కూర్చుని తోకాడించింది. కరవడం మాట అటుంచి, ఆయన బూట్లు వాసన చూసి తుమ్మింది.

ఓవిడియో తలుపుమీద పాత గాట్లు చూశాడు. కొత్త గాటు చూశాడు. ఉంగరం చూశాడు.

"కుక్క ఆవిణ్ని తలుపు దగ్గరికి తెచ్చింది," అన్నాను, "ఎవరో కొట్టారు గనక. ఈ బ్లాకులో ఎవరూ తలుపు కొట్టరు. ఈవిడది అసలే కొట్టరు."

"కొట్టాను! అయితే ఏంటి?" ఇరిసారి గొంతు లేచింది. "తనిఖీకి వచ్చాను. అడ్మినిస్ట్రేటరు తలుపు కొట్టకూడదా? మూడుసార్లు వచ్చి కొట్టాలి, మూడుసార్లూ తియ్యకపోతే ఇల్లు వదిలేసి పోయినట్టు లెక్క. రూలు నేను పెట్టలేదు."

నెరెయిదా ఆయన పెదాలే చూస్తోంది. "ఇంతకుముందు కూడా వచ్చారా?" అంది మెల్లగా.

ఇరిసారి నడుముకున్న తాళాల గుత్తి సర్దుకున్నాడు.

"రెండుసార్లు," అన్నాడు ఇరిసారి చివరికి. "కుక్క రాకముందు."

"నేను ఇంట్లోనే ఉన్నాను కదండీ. కుడుతూ."

"మీరు తియ్యలేదు."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు కోపం కూడా రాలేదు. అలసట వచ్చింది. ఈ బ్లాకులు పడగొట్టి కొత్తవి కడతారని ఊళ్లో అనుకుంటున్నారు, ఖాళీ ఇళ్లు త్వరగా చూపించినవాడికి ప్రమోషనని కూడా. వినపడనివాళ్ల తలుపు కొట్టడం కంటే సులువైన దారి ఇంకేముంటుంది? మూడోసారి అడ్డుపడింది కుక్క. అందుకే ముందు కుక్క పోవాలి.

"గమా," అన్నాడు ఓవిడియో. వాడు కిందికి చూస్తున్నాడు. "ఇది నిన్నటి ప్యాంటే అన్నావ్ కదా?"

"అవును."

"చిల్లేదీ?"

ఇరిసారి తన ప్యాంటు చూసుకున్నాడు. ఇస్త్రీ నలిగిందేగానీ, ఒక్క దారం కూడా లేవలేదు.

"నిక్కరేసుకుని ఉన్నప్పుడు కరిచిందన్నమాట," అన్నాడు ఓవిడియో ఆలోచిస్తూ. "అంటే ఇంట్లో." ఇంకొంచెం ఆలోచించాడు. వాడి మొహం విప్పారింది. "ప్రిన్సెసానా?"

"దానికి ఆందోళన ఎక్కువ," అన్నాడు ఇరిసారి నీరసంగా.

నేను నవ్వాల్సింది. నవ్వేలోపు ఇంకో ప్రశ్న నోట్లోకొచ్చింది. "నిన్న మీరు ముందు మూడో అంతస్తుకి వెళ్లారు. అక్కడ ఎవరి తలుపు కొట్టారు?"

"ఆ ముసలాయనది. అది మూడోసారి. తియ్యలేదు, వెళ్లిపోయాడు. పొద్దున తాళం వేయించాను."

"లోపలికెళ్లి చూశారా?"

"ఎందుకు చూడాలి?" ఇరిసారికి నిజంగానే అర్థంకాలేదు. "తలుపు కొట్టాను కదా!"

డోన్య ప్రోవి నాకేసి చూసింది. నేను ఆవిడకేసి చూశాను. చెవుల మెషీను పెట్టుకోని మనిషి. చెల్లెలింటికి పోయాడని అనుకోవడమే తప్ప, పోతుంటే చూసినవాళ్లు లేరు.

"సార్జెంట్!" అంది నెరెయిదా గట్టిగా.

ఓవిడియో "ఏంటమ్మా?" అన్నాడు. ఆమె పిలిచింది వాణ్ని కాదు.

కుక్క గది మధ్యలో నేలమీద బోర్లా పడుకుని ఉంది. నాలుగు కాళ్లూ చాపి, గడ్డం గచ్చుకి ఆనించి, నెరెయిదానే చూస్తోంది. తోక ఆడటంలేదు.

"భయపడిందా?" అన్నాడు ఇరిసారి.

నెరెయిదా అప్పటికే పాపని ఉయ్యాల్లోంచి ఎత్తుకుంది. మొహం తెల్లబోయింది. "పొగ అలారం," అంది. "ఎక్కడో మోగుతోంది. మీకు వినపడట్లేదా? మీకు చెవులున్నాయి కదా!"

విన్నాం. అన్ని కిటికీల్లోంచీ బేస్‌బాల్ వ్యాఖ్యాత అరుస్తున్నాడు. అన్నిటికంటే గట్టిగా మా నెత్తిమీదే అరుస్తున్నాడు, తాళం వేసిన ఇంట్లో. ఆ అరుపుకీ అరుపుకీ మధ్య, సన్నగా, కీచుమంటూ ఇంకొకటి.

"తెయో!" అని ప్రోవి కేకపెట్టింది.

నెరెయిదా పాపతో కిందికి పరిగెత్తింది, సార్జెంటు ఆమె మోకాలికి అంటుకుని. మేం పైకి. ఓవిడియో రెండేసి మెట్లు ఎక్కాడు. నేను ఒక్కొక్కటే, రెయిలింగు పట్టుకుని. మధ్యాహ్నం ఈ మెట్లు ఎక్కలేకపోయిన మోకాళ్లు ఇప్పుడు ఏమీ అనలేదు.

నీలం తలుపు. ఛాతీ ఎత్తున గాట్లు, నెరెయిదా తలుపుమీద ఉన్నవాటికి అక్కాచెల్లెళ్లు. కొత్త ఇనప తాళం. కింద సందులోంచి మాడిన అన్నం వాసన, దాని వెనకాల బూడిదరంగు పొగ.

"తాళంచెవి!" అన్నాడు ఓవిడియో.

ఇరిసారి గుత్తి తీసి ఒక్కొక్క తాళంచెవి పెట్టి చూస్తున్నాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. "ఖాళీ ఇల్లు," అంటున్నాడు, మాకో తనకో. "ఇందులో ఎవరూ లేరు. నేను కొట్టాను. మూడుసార్లు కొట్టాను. ఎవరూ లేరు."

అప్పుడు లోపలినుంచి ఎవరో తలుపు కొట్టారు.

ఇరిసారి చేతిలోంచి గుత్తి జారి మెట్లమీద పడింది.

రెండోసారి కొట్టారు, ఇంకొంచెం కిందుగా, నేలకి దగ్గరగా.

ఓవిడియో భుజంతో తలుపుని గుద్దడం మొదలుపెట్టాడు. నేను తలుపుకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, మూడో చప్పుడు కోసం వింటున్నాను. 

అది రాలేదు.